ఎండలు ముదరకముందే రీఫ్ ట్యాంకు నీళ్ల సంగతి చూసుకోండి

హైదరాబాద్‌లో రీఫ్ అక్వేరియం (ఉప్పునీళ్లలో కోరల్స్, అంటే పగడాలు పెంచే ట్యాంకు) పెంచేవాళ్లకు అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లోనే. వేడికి అందరూ భయపడతారు, ఫ్యాన్లు బిగిస్తారు. ఫ్యాన్ గాలికి నీళ్లు చల్లబడే మాట నిజమే కానీ, అంతకంత ఆవిరైపోతాయి కూడా. ఆవిరయ్యేది ఒట్టి నీళ్లే. వాటిలో కరిగినవన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి.

రోజుకు 4 లీటర్లు తగ్గే ట్యాంకులో ఆ లోటు తీర్చడానికి 400 టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) బోరు నీళ్లు పోస్తూ పోతే, రెండు నెలల్లో దాదాపు 96 గ్రాముల లవణాలు చేరతాయి. వాటిలో నైట్రేటు, ఫాస్ఫేటు ఉంటే నాచుకు పండగే. రాగి ఉంటే రొయ్యలకు, నత్తలకు, కోరల్స్‌కు ప్రాణాపాయం.

"వంటింట్లో ఆర్ఓ ఉందిగా" అనుకోకండి. ఆర్ఓ అంటే సన్నటి పొర (మెంబ్రేన్) గుండా నీళ్లను నెట్టి లవణాలను ఆపే ఫిల్టర్. చాలా మెషీన్లలో రుచి కోసం మినరల్స్ మళ్లీ కలుపుతారు. క్యాన్ నీళ్లదీ ఇంచుమించు అదే కథ. మనకు కావాల్సింది ఆర్ఓ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే పూసలు) కూడా దాటి, టీడీఎస్ మీటరు మీద సున్నా చూపించే నీళ్లు.

వేసవిలో నల్లా నీళ్లు తగ్గితే అపార్ట్‌మెంట్ సంప్‌లోకి ఇవాళ బోరు, రేపు ట్యాంకర్. ట్యాంకర్ అతన్ని అడిగి లాభం లేదు, ఎప్పుడూ "మంచి నీళ్లే సార్" అంటాడు. సంప్ నిండినప్పుడల్లా మూడు చోట్ల కొలవండి: లోపలికి వచ్చేచోట, మెంబ్రేన్ తర్వాత, డీఐ తర్వాత. 400 వచ్చేచోట మెంబ్రేన్ దాటాక 40కి పైగా ఉంటే దాని పని అయిపోయినట్టే. మెషీన్ ఆన్ చేసిన మొదటి రెండు నిమిషాల నీళ్లను డీఐలోకి పంపకుండా బయటికి వదిలేయండి, రెసిన్ ఎక్కువ రోజులు వస్తుంది.

డీఐ తర్వాత మీటరు 1 చూపించినా రెసిన్ మార్చేయండి. ఒక్క అంకేగా అనిపిస్తుంది. కానీ అయిపోవచ్చిన రెసిన్ ముందుగా వదిలేసేది సిలికానే, మీటరుకు అది సరిగా దొరకదు. నాలుగు రోజులు పోయాక తెల్ల ఇసుక మీద సిలికాతో పెరిగే నాచు తేనెరంగు పూతలా పడుతుంది, అప్పుడు అర్థమవుతుంది. కార్బన్ ఫిల్టర్‌నూ నిర్లక్ష్యం చేయొద్దు, క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది.

ఆటో టాప్‌అప్ (ఆవిరైన మేర నీళ్లను తనంతట తానే నింపే పరికరం) ఉన్నవాళ్లు దానికి పెద్ద డ్రమ్ము తగిలించకండి. నీటి మట్టాన్ని బట్టి దాన్ని ఆపే ఫ్లోట్ ఇరుక్కుని 200 లీటర్ల ట్యాంకులోకి 20 లీటర్లు ఒకేసారి దిగితే లవణీయత (లీటరుకు ఉప్పు, గ్రాముల్లో) 35 నుంచి 32 దాకా పడిపోతుంది. చిన్న డబ్బా పెట్టి రెండు రోజులకోసారి నింపుకోవడమే నయం. మిగతా నీళ్లు మూత ఉన్న ఫుడ్‌గ్రేడ్ డ్రమ్ములో నాలుగైదు రోజులకు సరిపడా విడిగా నిల్వ ఉంచుకోండి.

ఆర్ఓ మెషీన్‌లో ఒక లీటరు మంచి నీళ్లకు మూడు, నాలుగు లీటర్లు బయటికి పోతాయి. ఎండాకాలంలో వాటిని డ్రైనేజీలోకి వదిలేయడం అన్యాయం, బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూముకు వాడుకోండి. లవణాలు ఎక్కువ కాబట్టి కుండీల్లో మొక్కలకు మాత్రం రోజూ పోయకండి.