వ్యాయామం ఆగిపోకుండా నాకు పనికొచ్చిన ఉపాయం

పీజీ రెండో సెమిస్టర్‌కే మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. విజయనగరంలో జిమ్‌లకేం కొదవలేదు. పక్కనే వెయిట్‌లిఫ్టర్లకు పేరున్న కొండవెలగాడ కూడా ఉంది. అయినా అసైన్‌మెంట్ల టెన్షన్ రాగానే అన్నిటికన్నా ముందు ఆగిపోయేది వ్యాయామమే.

నన్ను కదిలించింది టైమ్‌టేబుల్ కాదు, తోడు. క్లాసవగానే రూమ్మేట్ "రారా, గట్టు మీదకెళ్దాం" అని అటునుంచటే లాక్కుపోయేవాడు. గదికెళ్లి మంచమెక్కామా, ఇక లేచేది లేదని వాడికి బాగా తెలుసు! అందుకే పొద్దున్నే బూట్లేసుకుని క్లాసుకెళ్లేవాళ్లం. అయ్యకోనేరు గట్టు మీద కబుర్లాడుకుంటూ నడిస్తే వ్యాయామం చేస్తున్నట్టే ఉండదు.

18 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఏకబిగిన పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత షరతు తీసేసింది. నాకు అదే పెద్ద ఊరట. పరీక్షలప్పుడు హాస్టల్ మెట్లెక్కినా, ఒక స్టాప్ ముందే బస్సు దిగి నడిచినా లెక్కలోకొస్తుంది. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉంటే సరి.

వారానికి రెండు రోజులు కండరాలకూ పని చెప్పాలట. గదిలోనే దండీలు, బస్కీలు తీస్తున్నాను. దీనికి మాత్రం మావాడు రాడు, ఇయర్‌ఫోన్సే దిక్కు.