ఆర్బిట్రేటర్ మీద అనుమానమా? నోటితో కాదు, కాగితం మీద చెప్పండి

గాజువాక, ఆటోనగర్‌లలో లారీ ఫైనాన్స్ తీసుకున్నవాళ్లు గానీ చిన్న కాంట్రాక్టర్లు గానీ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి చేసే విచారణ) నోటీసు రాగానే అనుకునే మాట ఒకటుంది: "అవతలివాళ్లు ఏకపక్షంగా పెట్టుకున్న ఆర్బిట్రేటర్ చెల్లడని సుప్రీంకోర్టు చెప్పేసిందిగా!" 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది నిజమే. ఆ ధైర్యంతో నోటీసు బీరువాలో పెట్టారో, మీరు లేకుండానే విచారణ నడిచి అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) వస్తుంది. గడువులోగా సవాలు చేయకపోతే అది కోర్టు డిక్రీలాగే అమలవుతుంది.

అంతకంటే ఎక్కువగా కొంప ముంచేది, అభ్యంతరాన్ని నోటితో చెప్పి ఊరుకోవడం. వాయిదాలో లాయరుగారు గట్టిగానే వాదిస్తారు, ప్రొసీడింగ్స్‌లో (విచారణ రికార్డులో) ఒక్క ముక్కా ఎక్కదు. ఒప్పందంలో వేరే పద్ధతి లేకపోతే, 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 13 ప్రకారం ట్రిబ్యునల్ (విచారించే ఆర్బిట్రేటర్ లేదా ఆర్బిట్రేటర్లు) ఏర్పడిందని గానీ, అనుమానానికి కారణం గానీ మీకు తెలిసిన 15 రోజుల్లో కారణాలు రాసి ట్రిబ్యునల్‌కే ఇవ్వాలి. తెలిసీ రాయకుండా విచారణలో కొనసాగితే, సెక్షన్ 4 కింద ఆ హక్కు వదులుకున్నట్టే లెక్క.

గత మూడేళ్లలో అవతలి కంపెనీ ఈ ఆర్బిట్రేటర్‌నే రెండుసార్లో అంతకంటే ఎక్కువో పెట్టుకుందా? అది చట్టంలోని ఐదో షెడ్యూల్ (అనుమానానికి తావిచ్చే కారణాల జాబితా), దానికి పైన చెప్పిన 15 రోజుల దారే. మీ అభ్యంతరాన్ని ఆయన తోసిపుచ్చితే విచారణ సాగుతుంది, అవార్డు వచ్చాకే సెక్షన్ 34 కింద కోర్టుకు వెళ్లాలి. అప్పుడు మీ చేతిలో ఉండేది ఆ కాగితమే. ఆయన అవతలివాళ్ల ఉద్యోగో సలహాదారో అయితే అది ఏడో షెడ్యూల్ (అనర్హతల జాబితా), ఆయనకు అసలు అర్హతే లేదు. సెక్షన్ 14 కింద నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. దీనికి 15 రోజుల లెక్క లేకపోయినా వెంటనే రాయండి.

ఇక ఇవి:

- సెక్షన్ 12 డిస్‌క్లోజర్ (అవతలివాళ్లతో తనకున్న సంబంధాలను ఆర్బిట్రేటర్ వెల్లడించే పత్రం) రాతపూర్వకంగా అడగండి. దాని నమూనా ఆరో షెడ్యూల్లో ఉంది.
- "ఆర్బిట్రేటర్ నియామకంపై అభ్యంతరం లేదు" అన్న వాక్యం ఉందేమో చూడకుండా మొదటి సిట్టింగ్‌లో సంతకం పెట్టొద్దు. వివాదం మొదలయ్యాక రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఏడో షెడ్యూల్ అనర్హత కూడా తుడిచిపెట్టుకుపోతుంది.
- పిటిషన్ కొట్టేశారని పక్షపాతం అనకండి. తేదీ, మనిషి, కాగితం చూపండి.
- అవతలివాళ్లు ఇచ్చిన పత్రం మీకు అందలేదా? సెక్షన్ 24 చెప్పి, ఆ రోజే రాయండి.
- ఆర్బిట్రేటర్‌కు విడిగా ఫోన్ చేయొద్దు.
- వాయిదా ఎగ్గొట్టొద్దు. "నా అభ్యంతరానికి లోబడి హాజరయ్యాను" అని ప్రతిసారీ రాయించండి.
- ఒప్పందంలో సీటు (ఏ ఊరి కోర్టుకు అధికారం ఉందో చెప్పే చోటు) చెన్నై అని ఉంటే విశాఖ కోర్టు చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు.
- అవార్డు అందిన తేదీ కవరు మీద రాసుకోండి: సెక్షన్ 34 సవాలుకు గడువు మూడు నెలలు, సరైన కారణం చూపితే మరో 30 రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వరు.