బరువు తగ్గే హెర్బల్ క్యాప్సూల్స్ వేసుకుంటున్నారా? ముందు డబ్బా తిప్పి చూడండి

ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా అని డాక్టర్ అడిగితే మా వదిన లేదండీ అంది. అబద్ధం కాదు, రెండు పూటలా వేసుకునే ఆ ఆకుపచ్చ క్యాప్సూల్స్ మందుల్లోకి వస్తాయని ఆమె అనుకోలేదంతే. అప్పటికే కళ్లు పసుపు పూసినట్టున్నాయి.

మీరూ వాడుతుంటే ఇవాళే డబ్బా వెనక చిన్నక్షరాలు చదవండి. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, గార్సీనియా కంబోజియా, ముందు ఈ రెండూ వెతకండి, రెండిటితోనూ లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. కప్పులో తాగే గ్రీన్ టీ గురించి కాదు నేను చెప్పేది, సారం తీసి క్యాప్సూల్‌లో కూరితేనే గొడవ: అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకి 800 మి.గ్రా., ఆపైన తీసుకున్నవాళ్లలో లివర్ ఎంజైమ్‌లు (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేవి) పెరిగాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. గార్సీనియా అంటే కేరళవాళ్లు చేపల కూరలో వేసే కుడంపులే, అయితే కూరలో వేసే నాలుగు ముక్కలూ నెలల తరబడి మింగే సారమూ ఒకటి కాదు. ఏది ఎంతుందో రాయకుండా ప్రొప్రైటరీ బ్లెండ్ అని తేల్చేస్తే అసలు కొనకండి.

తేడా చేస్తే చాలామందికి మొదటి ఒకటి నుంచి మూడు నెలల్లోనే తెలుస్తుంది. నీరసం, అన్నం చూస్తే వికారం, దురద, మూత్రం డికాషన్ రంగులో రావడం. వీటిలో ఏది కనిపించినా ఆ పూట నుంచే ఆపేయండి, డబ్బులు పెట్టి కొన్నాం కదా, డబ్బా అయ్యేదాకా అనొద్దు. అదే రోజు డాక్టర్‌ని కలిసి ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష), పీటీ ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసేది) చేయించుకోండి. ఎల్ఎఫ్‌టీలో ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్ మామూలుగా 40 లోపు ఉండాలి, మా వదినకి 1,100 వచ్చింది.

ఇంట్లో పెద్దవాళ్లు కామెర్లకి పసరు పోయిద్దామంటారు, మా పెద్దమ్మ కూడా పట్టుబట్టింది. వద్దు. ఒక ఆకుతో దెబ్బతిన్న లివర్ మీద ఇంకో ఆకు ప్రయోగమా? మద్యం ముట్టొద్దు, పారాసిటమాల్ కూడా సొంతంగా వేసుకోవద్దు. మనిషి తికమకగా మాట్లాడినా, మగతగా పడి ఉన్నా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆపేస్తే ఎక్కువమంది కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటారు, కానీ మళ్లీ మొదలుపెడితే ఈసారి ఇంకా గట్టిగా కొట్టొచ్చు.

డబ్బా మాత్రం పారేయకండి, డాక్టర్‌కి చూపించండి. మందుల దుష్ప్రభావాలు చెప్పుకోడానికి కేంద్రం పెట్టిన టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024, దానికీ ఫోన్ చేయండి. మా అన్నయ్య అయితే చెత్తబుట్టలో వెతికి తెచ్చాడు, డాక్టర్ లేబుల్‌ని ఫోటో తీసుకుని, రెండో రోజు కేస్ షీటులో మందులు అన్నచోట ఉన్న లేదు కొట్టేసి ఆ పేరు రాశాడు.