కిట్ బ్యాగుకు అయస్కాంతం కుట్టుకునే విధానం

విజయవాడలో తెల్లవారుజామున అయిదున్నరకు దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం ముందు నిలబడితే పిల్లల భుజాలకు వేలాడే బ్యాడ్మింటన్ బ్యాగులు వరుసగా కనిపిస్తాయి. ప్రతి బ్యాగుకూ పక్కన ఒక తువ్వాలు, ఒక తాళం చెవి, చేతిపట్టీలు, ఒక్కోసారి చిన్న ఫోను సంచి వేలాడుతూ ఉంటాయి. వీటిని జిప్పు అరలో పెడితే ఆట మధ్యలో చెమట చేతులతో తీయడం కష్టం. వెల్క్రోతో అంటిస్తే ఏడాది తిరిగేలోగా దానిలో దూది, వెంట్రుకలు చేరి పట్టు పోతుంది. మా అమ్మాయి బ్యాగుకు అయస్కాంతాలు అమర్చాలన్న ఆలోచన నాకు అలా వచ్చింది. రెండుసార్లు విప్పి మూడోసారి కుట్టిన తరువాత నిలబడిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట చేసిన పొరపాటు చెబితే అసలు విషయం సులువుగా అర్థమవుతుంది. రెండు కిలోల బరువు లాగగలదని పొట్లం మీద రాసి ఉన్న 15 మిల్లీమీటర్ల బిళ్ల అయస్కాంతాన్ని కొని, బ్యాగు పక్కన గుడ్డ లోపల పెట్టి, తువ్వాలు చివర ఒక ఇనుప వాషర్ కుట్టాను. పొడి తువ్వాలు చక్కగా నిలిచింది. ఆట ముగిశాక చెమటతో తడిసి మూడు వందల యాభై గ్రాములకు చేరిన అదే తువ్వాలు, బందరు రోడ్డు మీద మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే జారి స్కూటరు కింద పడింది. రెండు కిలోలు మోయవలసిన అయస్కాంతం మూడు వందల యాభై గ్రాములను ఎందుకు వదిలేసిందన్న ప్రశ్నకు సమాధానం తెలిస్తే సగం పని అయిపోయినట్లే.

పొట్లం మీద రాసే బరువు, మందమైన నున్నని ఇనుప పలక మీద అయస్కాంతాన్ని నేరుగా ఆనించి, పలక నుంచి ఎదురుగా లాగినప్పుడు తేలే లెక్క. మన బ్యాగులో ఈ రెండు షరతులూ ఉండవు. ఒకటి, అయస్కాంతానికీ ఇనుముకూ మధ్య బ్యాగు గుడ్డ ఒక పొర, తువ్వాలు అంచు మరొక పొర ఉంటాయి. రెండూ కలిసి ఒక మిల్లీమీటరు ఎడం వచ్చినా ఇంత చిన్న బిళ్లల పట్టు దాదాపు సగానికి పడిపోతుంది. రెండు, వేలాడే వస్తువు అయస్కాంతాన్ని ఎదురుగా లాగదు, కిందికి జారుస్తుంది. జారుడును ఆపేది అయస్కాంత శక్తి కాదు, ఆ శక్తి వల్ల రెండు తలాల మధ్య పుట్టే రాపిడి. నున్నని ఇనుము మీద అది నేరు పట్టులో అయిదో వంతుకు మించదు. గుడ్డ మీద కొంచెం ఎక్కువ, రబ్బరు పూత మీద ఇంకొంచెం ఎక్కువ. రెండు కిలోలు గుడ్డ పొరల వల్ల ఒక కిలో అయి, జారుడు వల్ల రెండు వందల యాభై గ్రాములయిన చోట తడి తువ్వాలు నిలవకపోవడంలో వింత లేదు. దీనికి తోడు పరుగెత్తినప్పుడూ, బండి కుదుపుకు లోనైనప్పుడూ వస్తువు బరువు క్షణకాలం రెండు మూడు రెట్లయినట్లు లాగుతుంది.

అందుచేత బరువును అయస్కాంతం చేత మోయించకూడదు. బరువు మోయడం కుట్టు పని, వస్తువు ఎగిరిపోకుండా అదిమి ఉంచడం అయస్కాంతం పని. చొక్కా జేబుకు పెన్ను ఎలా తగిలిస్తామో గుర్తు తెచ్చుకోండి: పెన్ను బరువును జేబు అంచు మోస్తుంది, క్లిప్పు దానిని అదిమి పెడుతుంది. మనం బ్యాగు పక్కన అడ్డంగా ఒక నాడా కుట్టి, వస్తువుకు వెనుక వైపు ఒక గట్టి నాలుక కుట్టి, ఆ నాలుకను నాడా వెనుకకు పైనుంచి దించుతాము. నాలుక చివర ఇనుప బిళ్ల ఉంటుంది, సరిగ్గా దాని ఎదురుగా బ్యాగు గుడ్డలో అయస్కాంతం ఉంటుంది. చేతితో దగ్గరకు తెస్తే నాలుక తనంతట తానే చోటు వెతుక్కుని "టక్" మని కూర్చుంటుంది. పైకి లాగితే ఒక్క చేతితో వచ్చేస్తుంది. కిందికి మాత్రం జారదు.

ఇప్పుడు సరంజామా. అయస్కాంతాల్లో మనకు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. స్పీకర్ల వెనుక ఉండే నల్లటి ఫెర్రైటు చవక, తుప్పు పట్టదు, కానీ బ్యాగుకు కావలసినంత పట్టు రావాలంటే బాగా లావుగా ఉండాలి. వెండి రంగులో మెరిసే నియోడిమియం బిళ్లలు 1980ల నుంచి వాడుకలోకి వచ్చాయి. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన ఈ మిశ్రమం చిన్న పరిమాణంలోనే చాలా బలం ఇస్తుంది. వీటి మీద ఎన్35, ఎన్42, ఎన్52 అని గుర్తులుంటాయి. అంకె పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది కానీ ఈ పనికి ఎన్35 చాలు. అంతకంటే బలమైనవి తీసుకుంటే పిల్లలు ఊడదీయలేక గుడ్డను పట్టి లాగుతారు, కుట్లు తెగుతాయి. తాళం చెవికీ చేతిపట్టీలకూ 10 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ల ఒకటి సరిపోతుంది. తువ్వాలుకూ ఫోను సంచికీ 15 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్నది కావాలి.

రెండో వైపు కూడా అయస్కాంతమే పెట్టాలా, ఇనుము చాలా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో ఇనుమే మంచిది. రెండు వైపులా అయస్కాంతాలైతే ఒకే ధ్రువాలు ఎదురుపడినప్పుడు వికర్షించుకుంటాయి, అంతా కుట్టిన తరువాత ఆ సంగతి తెలిస్తే మొత్తం విప్పవలసి వస్తుంది. పైగా వస్తువులోనే అయస్కాంతం ఉంటే తువ్వాలు ఉతికేటప్పుడు వాషింగ్ మెషీన్ డ్రమ్ముకు అంటుకోవచ్చు, ఫోను సంచిలో ఉంటే ఫోనులోని దిక్సూచి తప్పు చూపుతుంది. ఇనుప బిళ్లకు ఈ బెడదలు లేవు. అది కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉండాలి. డబ్బా రేకు వంటి పలుచని ఇనుములో అయస్కాంత ప్రవాహం అంతా పట్టదు కనుక పట్టు తగ్గిపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో జింకు పూత వేసిన వాషర్లు అడిగి, రంధ్రం చిన్నదిగా ఉన్నవి ఎంచుకోండి. ఆటోనగరులో రేకు పని చేసేవారి దగ్గర కత్తిరింపు ముక్కలుంటాయి. 20 మిల్లీమీటర్ల గుండ్రని బిళ్లలు కోసి అంచులు నున్నగా రాసి ఇమ్మంటే ఇస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క తెచ్చుకునేటప్పుడు మాత్రం అక్కడే అయస్కాంతం ఆనించి చూడండి. గిన్నెలకూ మంచినీళ్ల సీసాలకూ వాడే 304 రకం స్టీలు అయస్కాంతానికి అంటుకోదు, 430 రకం అంటుకుంటుంది. స్టీలు సీసాను బ్యాగుకు అయస్కాంతంతో తగిలిద్దామనుకున్నవారు నిరాశపడేది ఇక్కడే. లీటరు నీళ్లు నిండిన సీసా కిలోకు పైగా తూగుతుంది కనుక, అంటుకునే స్టీలైనా దాని చోటు పక్క జేబే.

ఇవి కాక అంగుళం వెడల్పు నైలాన్ నాడా, గట్టి నైలాన్ దారం, దబ్బనం, నాలుక గట్టిగా నిలబడడానికి పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట, చిన్న రెక్సిన్ ముక్క, గోళ్ల రంగు ఉంటే చాలు.

బ్యాగు లోపలి లైనింగును ఒక వైపు నాలుగు అంగుళాల మేర కుట్టు విప్పండి. చాలా కిట్ బ్యాగుల్లో పై గుడ్డకూ లైనింగుకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల స్పాంజి ఉంటుంది. అయస్కాంతాన్ని స్పాంజి వెనుక పెడితే పట్టు దాదాపు మిగలదు. స్పాంజికి ముందు, పై గుడ్డకు ఆనుకుని ఉండేలా పెట్టాలి. ఇందులో బద్ధకించి స్పాంజి వెనుక పెట్టి, పట్టు చాలడం లేదని మరింత పెద్ద బిళ్ల కొనేవారు ఎక్కువ. ఒక పొర తీయడం వల్ల వచ్చే లాభం రెట్టింపు అయస్కాంతం వల్ల కూడా రాదు.

అయస్కాంతాన్ని నేరుగా గుడ్డ మీద జిగురుతో అంటించవద్దు. వెంటనే పట్టే జిగురు గట్టిబడ్డాక పెళుసుగా మారి గుడ్డ వంగినప్పుడు చిట్లిపోతుంది, వేడి జిగురు మన మే నెల ఎండలో మూసిన కారులో మెత్తబడుతుంది. దాని బదులు రెక్సిన్‌తో చిన్న గూడు కుట్టండి. బిళ్ల వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి, లేకపోతే లోపల అటూ ఇటూ తిరుగుతుంది. గూడుకు మూడు వైపులా ముందుగా మిషను మీద కుట్టించి, చివరి వైపు మాత్రం బిళ్లను లోపలికి తోసిన తరువాత చేతితో కుట్టాలి. అయస్కాంతం లోపల ఉండగా మిషను మీద పెడితే మిషను పాదమూ సూదీ దానికి లాగుకుని సూది విరుగుతుంది. చేతి సూది కూడా బిళ్లకు అంటుకుని విసిగిస్తుంది కనుక, బిళ్లను గూడు అడుగుకు జరిపి, మధ్యలో ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి కుట్టండి.

బిళ్లను గూడులో పెట్టే ముందు మరో పని ఉంది. నియోడిమియం మిశ్రమానికి చెమ్మ, ఉప్పు శత్రువులు. పైన నికెలు పూత ఉన్నా ఒక మూల గీత పడితే చెమట లోపలికి దిగి బిళ్ల బూజు పట్టినట్లు పొడిపొడిగా రాలిపోతుంది. గోళ్ల రంగు రెండు పూతలు వేసి ఆరనిచ్చి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెడితే ఎక్కువ కాలం నిలుస్తుంది. బిళ్లలు గాజులా పెళుసైనవి. రెండింటిని దగ్గరగా వదిలితే ఢీకొని అంచులు పగులుతాయి, ముక్కలు కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది. ఒకదాని మీద నుంచి మరొకదాన్ని పక్కకు జరిపి వేరుచేయాలే తప్ప ఎదురుగా లాగకూడదు.

గూడును పై గుడ్డకు లోపలి వైపు నాలుగు పక్కలా కుట్టి, బయటి వైపు గూడుకు అర అంగుళం పైన నాడాను అడ్డంగా పెట్టి రెండు చివరలు గట్టిగా కుట్టండి. బరువంతా మోసేది ఈ రెండు చివరలే కనుక ఒక్కో చివర చతురస్రంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేయించండి. బ్యాగు పట్టీల మొదళ్లలో కనిపించే కుట్టు అదే. నాడా మరీ బిగువుగా ఉంటే నాలుక దూరదు, మరీ వదులైతే అయస్కాంతానికి దూరమవుతుంది. ఒక చిటికెన వేలు పట్టేంత సందు సరైన కొలత.

నాలుకకు ఫైలు అట్టను అంగుళం కంటే కొద్దిగా సన్నగా, రెండున్నర అంగుళాల పొడవున కోసి, చివర వాషర్ పెట్టి, మొత్తాన్ని గుడ్డలో కుట్టేయండి. వాషర్ అయస్కాంతం వైపు ఉండాలి, అట్ట వెనుక వైపు ఉండాలి. తారుమారైతే అట్ట మందమంతా ఎడంగా మారుతుంది. నాలుక పై చివరను మాత్రమే తువ్వాలు అంచుకు లేదా సంచి వెనుకకు కుట్టాలి, కింది చివర స్వేచ్ఛగా ఉండాలి.

అయిపోయిన వెంటనే బ్యాగును పిల్లలకు ఇవ్వకండి. మీరు తగిలించబోయే వస్తువుకు మూడు రెట్ల బరువు నీళ్లు ఒక సీసాలో పోసి, అంటే తడి తువ్వాలుకు లీటరు నీళ్లు, ఆ సీసాను నాలుకకు కట్టి వేలాడదీసి, బ్యాగును భుజాన వేసుకుని మెట్లు పది దిగి పది ఎక్కండి. కుట్టు సాగిందేమో, నాలుక పైకి ఎగిరిందేమో చూడండి. ఎగిరితే అయస్కాంతం మార్చడానికి ముందు నాలుకను అర అంగుళం పొడవు పెంచి చూడండి, చాలాసార్లు దానితోనే సరిపోతుంది.

కొన్ని హెచ్చరికలు గట్టిగా చెప్పవలసి ఉంది. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు ఇంట్లో ఉంటే అయస్కాంతం ఉన్న బ్యాగును వారి ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. తాతగారి ఒడిలో మనవడు బ్యాగు పెట్టడం మన ఇళ్లలో మామూలే కనుక ఈ మాట ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు ఉన్నవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. విడి బిళ్లలు చిన్న పిల్లలకు అందకూడదు. ఒకటికి మించి మింగితే అవి పేగుల గోడలకు ఇరువైపులా ఒకదానినొకటి లాక్కుని పేగును చిల్లు పరుస్తాయి. అలా జరిగిందన్న అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. గూడు కుట్టు వదులైన బ్యాగును అదే రోజు బాగుచేయాలని నేను పట్టుబట్టేది ఈ కారణంగానే. నల్లటి గీత ఉన్న ఏటీఎం కార్డులను ఆ అరలో పెట్టవద్దు.

ఎండ విషయం మన ఊరి వారికి ప్రత్యేకంగా చెప్పాలి. సాధారణ ఎన్ రకం బిళ్లలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే కొంత బలాన్ని శాశ్వతంగా కోల్పోతాయి. బెజవాడ ఎండలో భుజాన మోసే బ్యాగు అంత వేడెక్కదు, కానీ మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద నల్లటి బ్యాగును వదిలేస్తే ఆ హద్దు దగ్గరకు చేరవచ్చు. సీటు కింద పెట్టండి. గుడ్డ ముడతలు పోవడానికి ఆ భాగం మీద ఇస్త్రీ పెట్టె అసలు పెట్టకూడదు.

మైదానంలో ఆడే పిల్లల బ్యాగులకు మరో చిక్కు వస్తుంది. కృష్ణా ఇసుకలోనూ మైదానపు మట్టిలోనూ ఉండే నల్లటి ఇనుప రజను అయస్కాంతం ఉన్న చోట గుడ్డకు మీసంలా పట్టుకుంటుంది. దులిపితే పోదు, చేతితో రుద్దితే గుడ్డలోకి ఇంకా దిగుతుంది. తడిపిన మైదా ముద్దను అద్దండి, లేదా సెల్లోటేపును అంటించి లాగండి. నెలకొకసారి ఇది చేసేటప్పుడే గూడు కుట్లను, నాడా చివరలను వేలితో తడిమి చూసి, దారం పలచబడిన చోట దబ్బనంతో రెండు కుట్లు వేస్తే సరిపోతుంది. బ్యాగును ఉతకవలసి వచ్చినప్పుడు లైనింగు కుట్టు విప్పనక్కరలేదు. బకెట్టులో సబ్బు నీళ్లతో చేతితో ఉతికి, అయస్కాంతం ఉన్న వైపు పైకి ఉండేలా నీడలో ఆరవేసి, గూడు లోపల చెమ్మ పూర్తిగా పోయేదాకా రెండు రోజులు వాడకుండా ఉంచండి.