వీధిలో కరెంటు తీగలు భూమిలోకి దించాలంటే: మొదటి అర్జీ నుంచి చివరి స్తంభం పీకేదాకా

ముందుగా ఒక సాయంత్రం తీరిగ్గా మీ వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తల పైకెత్తి నడవండి. స్తంభం మీద అన్నిటికన్నా పైన ఉండేవి కరెంటు తీగలు, వాటి కింద గుత్తులు గుత్తులుగా వేలాడేవి ఫోను, కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వాళ్లవి. కరెంటు ఆఫీసులో ఒక అర్జీ ఇస్తే పనైపోతుందని చాలామంది అనుకుంటారు గానీ ఒక్కో స్తంభం మీద నలుగురైదుగురి తీగలుంటాయి, స్తంభం ఒకరిది, తీగలు ఇంకొకరివి, అందులో ఏ ఒక్కరు కదలకపోయినా స్తంభం కదలదు. అందుకే ప్రతి స్తంభానికీ ఫోటో తీసి, దాని నంబరు, దాని నుంచి ఏ తీగ ఏ ఇంటికి వెళ్తోందో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, పని అయ్యేదాకా ఆ నోట్‌బుక్‌తో అవసరం పడుతూనే ఉంటుంది.

ఇది నేను అనుభవంతో చెప్తున్న మాట. మా వీధిలో కరెంటు తీగలు కిందికి దిగాయి, రోడ్డు పూడ్చి నున్నగా తారు కూడా వేశారు, అందరం సంబరపడ్డాం, స్తంభాలు మాత్రం అలాగే నిలబడిపోయాయి, ఎందుకంటే వాటి మీద ఒకే ఒక్క నల్ల కేబుల్ మిగిలింది, ఆ కంపెనీతో ఎవరూ ముందుగా మాట్లాడలేదు. చివరికి వాళ్లొచ్చి కొత్త రోడ్డునే మళ్లీ తవ్వారు, ఆ తవ్వకంలో కరెంటు పైపు ఒకచోట పగిలింది, ఆ రోజంతా సగం వీధికి కరెంటు లేదు. అందుకే నా మాట ఒకటే, తీగలున్న ప్రతి కంపెనీ నుంచీ ఒకే ట్రెంచ్‌లోకి, అంటే కేబుళ్ల కోసం తవ్వే కాలువలోకి, ఒకేసారి వస్తామని రాతపూర్వకంగా తీసుకునేదాకా గునపం ముట్టనివ్వకండి.

ఖర్చు సంగతికొస్తే, పైన తీగలు లాగడం కన్నా భూమిలో వేయడానికి చాలా రెట్లు ఎక్కువ అవుతుంది, అందులో పెద్ద వాటా కేబుల్‌ది కాదు, తవ్వి మళ్లీ రోడ్డు వేసేదానిదే. కాబట్టి డ్రైనేజీకో నీళ్ల పైపులకో రోడ్డు ఎలాగూ తవ్వబోతున్నారని తెలిస్తే ఆ సమయానికి మీ అర్జీ అక్కడ సిద్ధంగా ఉండాలి, ఇంతకన్నా మంచి అదును దొరకదు. ఎస్టిమేట్ అడిగేటప్పుడు వీధి పని ఖర్చు వేరుగా, ఒక్కో ఇంటి కనెక్షన్ ఖర్చు వేరుగా అడగండి, రెండూ కలిపేస్తే తర్వాత గొడవలొస్తాయి.

ఇరుగుపొరుగు వాళ్లని ఒప్పించేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గాలివానకి కొమ్మ విరిగి తీగ మీద పడటం, లారీ గుద్ది స్తంభం ఒరగడం లాంటివి పోతాయి. 1888 మార్చిలో న్యూయార్క్‌లో మంచు తుఫాను వచ్చి చాలా తీగలు తెగి పడ్డాకే ఆ నగరం తీగల్ని భూమిలోకి దించడం మీద గట్టిగా పట్టుబట్టింది. కానీ భూమిలో ఫాల్ట్ వస్తే మాత్రం కంటికి కనపడదు, కేబుల్‌లోకి ఒక పల్స్, అంటే క్షణకాలపు విద్యుత్ సంకేతం, పంపి అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎన్ని మీటర్ల దూరంలో దెబ్బతిందో లెక్కగట్టి, అక్కడ తవ్వి జాయింట్ వేయాలి, అంటే ఫాల్ట్‌లు తగ్గుతాయి గానీ వచ్చినప్పుడు రిపేరుకి ఎక్కువసేపు పడుతుంది. దీనికి మందు ఏంటంటే కేబుల్‌ని రింగులా వేయించుకోవడం, అప్పుడు ఒక ముక్క పోయినా రెండో వైపు నుంచి సప్లై ఇవ్వొచ్చు. డిజైన్ గీసే రోజునే ఇది అడగాలి, తర్వాత అడిగితే లాభం లేదు.

ఇక మీటింగుల్లో గొడవ వచ్చేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే. స్తంభం మీదున్నది కింద పెట్టెలోకి వస్తుంది, ఆ పెట్టె ఎవరింటి ముందు పెడతారనే దగ్గర అందరూ మౌనం అయిపోతారు. బతిమాలి ఎవరో ఒకరి గోడ పక్కన పెట్టించకండి, నాలుగు విషయాలు చూసి చోటు ఎంచండి: వాననీళ్లు నిలవని ఎత్తు ఉండాలి, పెట్టె తలుపులు పూర్తిగా తెరుచుకోవాలి, క్రేన్ వచ్చేంత దారి ఉండాలి, బండి అదుపు తప్పితే గుద్దే మూలలో ఉండకూడదు. చోటిచ్చిన వాళ్లతో కాగితం మీద ఒప్పందం రాయించుకోండి, రేపు ఇల్లు అమ్మినా చిక్కు రాకూడదు.

ఇంటి వైపు పనిని మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోకండి. ఇప్పటిదాకా సర్వీస్ వైరు స్తంభం నుంచి డాబా మీది పైపులోకి దిగి మీటరుకి వచ్చేది, ఇకమీద నేలలోంచి పైకి రావాలి, అంటే కాంపౌండ్‌లో తవ్వాలి, గోడకి పైపు బిగించాలి, కొన్ని ఇళ్లలో మీటర్ బాక్సే మార్చాలి, పాత ఇళ్లలో ఎర్తింగ్ కూడా సరిచేయాల్సి రావొచ్చు. ఇదంతా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, సొంతంగా చేయి పెట్టొద్దు. ఇంటింటికీ వెళ్లి చూడండి, ఓనర్ వేరే ఊళ్లో ఉండే ఇల్లు, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లు ముందే గుర్తించి సాయం చేయండి, ఒక్క ఇల్లు ఆగినా దాని కోసం ఒక స్తంభం, ఒక తీగ మిగిలిపోతాయి.

తవ్వే ముందు నీళ్లు, గ్యాస్, డ్రైనేజీ పైపులు ఎక్కడున్నాయో ఆయా శాఖల చేత మార్కింగ్ వేయించాలి, ఆ గుర్తుల దగ్గర జేసీబీ వద్దు, చేత్తోనే తవ్వాలి. లోతు రూల్ చోటుని బట్టి మారుతుంది, కరెంటు కేబుల్‌కి మామూలుగా ముప్పావు మీటరు నుంచి మీటరు దాకా ఉంటుంది. అడుగున మెత్తని ఇసుక వేసి దాని మీద కేబుల్ పరచాలి, రాయి గుచ్చుకోకుండా ఉండటానికి ఒకటి, వేడి పోవడానికి ఇంకొకటి. పైన తీగని గాలి చల్లబరుస్తుంది, భూమిలో ఆ వేడి మట్టిలోంచే పోవాలి, అందుకే అదే లోడుకి కింద లావు కేబుల్ కావాలి. పైన ఇంకొంచెం ఇసుక, కాస్త మట్టి, దాని మీద హెచ్చరిక టేప్, రేపు ఇంకెవరైనా తవ్వితే కేబుల్ కన్నా ముందు ఆ టేప్ కనపడాలి. ఫోను, ఇంటర్నెట్ పైపులు కరెంటుకి ఎడంగా ఉండాలి. ఖాళీ పైపులు ఒకటి రెండు వేసి లోపల తాడు వదిలిపెట్టమనండి, రేపు కొత్త కేబుల్ వస్తే రోడ్డు తవ్వకుండా లాగేసుకోవచ్చు. చెట్ల మొదళ్ల దగ్గర లావు వేర్లు నరకనివ్వకండి, నరికితే అదే చెట్టు తర్వాత గాలికి కూలుతుంది, అక్కడ కింద నుంచి బోరింగ్ చేసి పైపు దూర్చమని అడగండి. పూడ్చేటప్పుడు మట్టి మొత్తం ఒకేసారి పోసేయకుండా పొరపొరకీ దిమ్మిస కొట్టించాలి, లేకపోతే మొదటి వానకే రోడ్డు కుంగిపోతుంది.

పూడ్చకముందు ట్రెంచ్‌లో కొలత టేపు పెట్టి, పక్కన గోడో గేటో కనపడేలా ఫోటోలు తీయండి. కేబుల్‌కి మెగ్గర్ టెస్ట్ (పై తొడుగు ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే పరీక్ష) చేసిన రిపోర్టు, పని అయ్యాక గీసిన డ్రాయింగు, రెండూ ఒక కాపీ కాలనీ సంఘం దగ్గర ఉండాలి.

వీధి లైట్లు చాలాచోట్ల మర్చిపోతారు, అవి కూడా ఆ స్తంభాలకే వేలాడుతున్నాయి కదా, కొత్త లైటు స్తంభాలూ వాటి కేబులూ అదే ట్రెంచ్ ప్లాన్‌లో ఉండాలి, లేకపోతే వీధి చీకటి అయిపోతుంది. కనెక్షన్లు మార్చే రోజు షట్‌డౌన్ టైం ప్రతి ఇంటికీ ముందుగా చెప్పండి, ఆక్సిజన్ మెషీన్ మీద ఉన్న వాళ్లెవరైనా ఉంటే ఆ ఇంటికి బ్యాకప్ ఏర్పాటు చేశాకే మొదలుపెట్టమనండి.

అన్ని ఇళ్లూ మారాక నోట్‌బుక్ తీసి ఒక్కో స్తంభం దగ్గరా చూడండి, తీగ ఒక్కటి కూడా లేదని తేలాక పీకేయమని తేదీతో సహా రాయించుకోండి. నేల మట్టానికి కోసి మోడు వదిలేస్తామంటే ఒప్పుకోకండి, మొదలంటా పీకి, గుంత పూడ్చి, ఫుట్‌పాత్ సరిచేశాకే చివరి బిల్లు మీద సంతకం పెట్టండి.