టిల్ట్ కొడదామంటే స్మాష్ వచ్చేస్తోందా, నాకూ అదే గోల
స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ అనే ఫైటింగ్ గేమ్‌లో మారియోతో నెల రోజులు ఇదే తంతు, అప్ టిల్ట్ (పైకి కొట్టే తేలికపాటి దెబ్బ) కొడదామంటే ఒకసారి స్మాష్ (గట్టి దెబ్బ) వచ్చేది, ఇంకోసారి మనోడు గాల్లోకి ఎగిరేవాడు, ఆలోపు అవతలోడు ఉతికేసేవాడు. తప్పు నా వేలిదేలెండి. స్టిక్ చటుక్కున తోస్తూ బటన్ నొక్కితే స్మాష్, మెల్లగా వంచి నొక్కితే టిల్ట్. వేలు ఎంతకీ మాట వినట్లేదని కంట్రోల్స్‌లోకి పోయి కుడి స్టిక్‌ని టిల్ట్‌కి మార్చేశా, స్టిక్‌తో జంప్ అయ్యే ఆప్షన్ కూడా ఆఫ్ చేసేశా, ఇప్పుడు అవతలోడి డ్యామేజ్ పర్సంటేజ్ తక్కువున్నప్పుడు వరసగా రెండు మూడు అప్ టిల్ట్స్ తగులుతున్నాయి. ఇంకోటి, జంప్, ఎటాక్ రెండూ ఒకేసారి నొక్కితే చిన్న గెంతులోనే దెబ్బ పడుద్ది, ఇది ట్రైనింగ్ మోడ్‌లో అరగంటలో వచ్చేసింది. స్మాష్ మాత్రం అవతలోడి షీల్డ్ పగిలి తూలుతున్నప్పుడే తీస్తున్నా.