యాడ్స్ వెంటపడుతున్నాయా? ఎక్కడ లీకవుతోందో ఇలా పట్టుకోండి

ఈ మధ్య చుట్టాల్లో ఎవరింటికెళ్లినా ఫోన్ నా చేతిలో పెట్టి "ఇది మన మాటలు వింటోందిరా, ఒకసారి చూడు" అంటున్నారు. అలా పది పదిహేను ఫోన్లు చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, అందరి బాధా ఒకేలా ఉన్నా మన సమాచారం లీకయ్యే చోటు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోటి. ఒకరికి ఫోన్‌లో, ఒకరికి టీవీలో, ఇంకొకరికి సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో. కుళాయి పైపు కారుతుంటే ముందు ఏ జాయింట్ దగ్గరో చూస్తాం కదా, ఇక్కడా అంతే. చోటు దొరికితే సరిచేయడం ఐదు నిమిషాల పని. కింద మీ సమస్య ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి. ఆండ్రాయిడ్‌లో మెనూ పేర్లు ఫోన్ కంపెనీని బట్టి కాస్త మారతాయి, దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైన ఉండే సెర్చ్‌లో ఆ మాట కొట్టండి.

సమస్య: మాట్లాడుకున్నాం అంతే, సాయంత్రానికి దాని యాడ్ వచ్చేసింది

ముందు మైక్ మీద అనుమానం వస్తుంది, సహజమే. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్స్‌ని పరీక్షిస్తే, చాటుగా ఆడియో రికార్డ్ చేసి పంపుతున్న యాప్ ఒక్కటీ దొరకలేదు. స్క్రీన్ మీద మనం చేసేదాన్ని వీడియోగా తీసి బయటి కంపెనీకి పంపుతున్న యాప్ మాత్రం దొరికింది. అంటే నిఘా ఉంది, మనం అనుకునే దారిలో కాదు.

మరి యాడ్ ఎలా వచ్చింది? ఫ్రిజ్ పాడైందని మీరూ మీ ఆవిడా మాట్లాడుకున్నారు. మీరు ఏమీ వెతకలేదు, కానీ ఆవిడ మధ్యాహ్నం తన ఫోన్‌లో రెండు మోడల్స్ చూసింది. ఇద్దరి ఫోన్లూ ఒకే వైఫై మీద ఉన్నాయి కాబట్టి బయటి ప్రపంచానికి ఇద్దరిదీ ఒకటే ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఇంటి చిరునామా లాంటి నంబర్. ఒకే ఇల్లు అని యాడ్ కంపెనీకి తెలియడానికి అది చాలు. దీనికి తోడు ప్రతి ఫోన్‌కీ అడ్వర్టైజింగ్ ఐడీ అని ఒక పొడవాటి నంబర్ ఉంటుంది. మీరు వాడే పది యాప్స్ పది వేర్వేరు కంపెనీలవే అయినా ఆ నంబర్ ఒకటే కావడంతో, ఎవరికి తెలిసింది వాళ్లు తెచ్చి ఒకే చోట కలపగలుగుతారు.

ఏం చేయాలి: ఆండ్రాయిడ్ 12, ఆ పై ఫోన్లలో సెట్టింగ్స్ > గూగుల్ > యాడ్స్‌లోకి వెళ్లి "డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ" నొక్కండి. రీసెట్ అని కూడా ఉంటుంది, దాన్ని నొక్కితే కొత్త నంబర్ వస్తుంది, అందుకే డిలీటే చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ > ప్రైవసీ అండ్ సెక్యూరిటీ > ట్రాకింగ్‌లో "అలౌ యాప్స్ టు రిక్వెస్ట్ టు ట్రాక్" ఆఫ్ చేయండి. ఆపిల్ 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో తెచ్చిన మార్పు ఇది.

మైక్ మీద అనుమానం తీరకపోతే అదీ చూసేసుకోండి, మనసులో పెట్టుకుని టెన్షన్ పడేకంటే మంచిది. ఆండ్రాయిడ్ 12 నుంచి మైక్ గానీ కెమెరా గానీ వాడుతున్నప్పుడు స్క్రీన్ పై మూల ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఐఫోన్‌లో మైక్‌కి నారింజ చుక్క. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే గత 24 గంటల్లో ఏ యాప్ మైక్ వాడిందో టైమ్‌తో సహా ఉంటుంది. టార్చ్ లైట్ యాప్‌కో, క్యాలెండర్ యాప్‌కో మైక్ పర్మిషన్ ఉందంటే తీసేయండి, దానికి ఆ అవసరం లేదు. లొకేషన్ కూడా అంతే, "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టండి. వాతావరణం యాప్‌కి మీ ఊరు తెలిస్తే చాలు, మీ వీధి అక్కర్లేదు కాబట్టి "ప్రిసైజ్ లొకేషన్" ఆపేయండి.

సమస్య: ఒక్కసారి చూసిన చీర నెల రోజులుగా ప్రతి సైట్‌లోనూ కనిపిస్తోంది

ఆ షాపు సైట్‌లో కంటికి కనిపించని చిన్న కోడ్ ముక్క ఉంటుంది, దాన్ని పిక్సెల్ అంటారు. మీరు ఏ చీర మీద ఎంతసేపు ఆగారో, కార్ట్‌లో వేసి కొనకుండా వదిలేశారో అది యాడ్ కంపెనీకి చెప్తుంది. కొనకుండా వెళ్లిన వాళ్లనే మళ్లీ మళ్లీ పిలవడం దాని పని.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో వెంటపడుతుంటే అకౌంట్స్ సెంటర్‌లో "యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్", అందులో "యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్" తెరవండి. మీ గురించి ఏ ఏ సైట్లు, యాప్స్ ఆ రెండింటి సొంతదారు మెటాకి చేరవేశాయో లిస్టు వస్తుంది. మందుల షాపు, టికెట్ బుకింగ్, పిల్లల క్లాసుల యాప్, అన్నీ వరుసగా కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. లిస్టు క్లియర్ చేసి, ఇకముందు కలపకుండా డిస్కనెక్ట్ చేయండి. రెండూ చేయాలి, మొదటిది ఒక్కటే చేస్తే రేపటి నుంచి మళ్లీ నిండుతుంది.

బ్రౌజర్ విషయానికొస్తే, మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లని కుకీలంటారు. మీరు చూసే సైట్‌వి కాకుండా వేరే కంపెనీలు పెట్టే కుకీలని (థర్డ్ పార్టీ కుకీలు) ఐఫోన్‌లో ఉండే సఫారీ 2020 నుంచే పూర్తిగా ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక్కో సైట్ కుకీలని ఒక్కో డబ్బాలో పెట్టి ఒకదానివి ఇంకోదానికి అందకుండా చేస్తోంది. క్రోమ్ కూడా తీసేస్తానని ఏళ్ల తరబడి చెప్పి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. కాబట్టి క్రోమ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలు మీరే బ్లాక్ చేసుకోవాలి. నా సలహా అడిగితే, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఫైర్‌ఫాక్స్ వేసుకుని అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్స్ ఆపే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. ఉచితం, రెండు నిమిషాల పని. ఈ మొత్తం గైడ్‌లో ఒక్కటే చేస్తానంటే నేను దీన్నే చేయమంటాను.

సమస్య: నా ఫోన్‌లో చూసింది టీవీలో అందరి ముందూ ప్రత్యక్షమైంది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నన్ను ఈ విషయాల్లోకి దింపింది ఇదే. పోయిన సంక్రాంతికి అన్నయ్య వాళ్లింట్లో అందరం చేరాం. భోజనాలయ్యాక పిల్లలు పాత పాటలు పెట్టమంటే వీడియోల యాప్ తెరిచారు. పాటలు రాకముందే మొదటి వరుసలోనే "ఐవీఎఫ్ మొదటిసారి ఫెయిలైతే ఏం చేయాలి", పక్కనే "ఖర్చు ఎంత అవుతుంది", ఆ పక్కన ఒక డాక్టర్ ఇంటర్వ్యూ. యాభై అయిదు అంగుళాల స్క్రీన్. వదిన చేతిలో అరిసెల పళ్లెం ఉంది. ఆ పళ్లెం అలాగే బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది, మళ్లీ చాలాసేపు రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ అత్తయ్యగారు చూశారు, అందరం చూశాం. తను రాత్రిళ్లు అందరూ పడుకున్నాక ఒంటరిగా చూసుకున్న వీడియోలు అవి. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు తనది. ఆ హక్కుని ఒక యాప్ తీసేసుకుంది.

కారణం చాలా చిన్నది. టీవీ కొన్న రోజు సెటప్ చేస్తూ అన్నయ్య చేతికి దగ్గర్లో ఉన్న వదిన జీమెయిల్ కొట్టేశాడు. అప్పటి నుంచి ఆమె ఫోన్‌లో చూసేదీ, టీవీలో చూపించేదీ ఒకే ఖాతా కింద పడుతున్నాయి.

ఏం చేయాలి: హాల్లో ఉండే టీవీకి ఎవరి సొంత మెయిలూ వాడకండి. ఇంటి కోసం ఒక కొత్త మెయిల్ తెరిచి దానితో లాగిన్ చేయండి. పాత ఖాతాని టీవీలో సైనౌట్ చేస్తే సరిపోదు, ఆ మనిషి ఫోన్‌లో గూగుల్ అకౌంట్ > డేటా అండ్ ప్రైవసీలోకి వెళ్లి యూట్యూబ్ హిస్టరీ, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ రెండింటికీ ఆటో డిలీట్ పెట్టండి. 3, 18, 36 నెలలు అని మూడు ఆప్షన్స్ ఉంటాయి, 3 ఎంచుకోండి. ఆరోగ్యం, అప్పులు, కోర్టు కేసులు లాంటివి వెతకాల్సి వస్తే లాగిన్ లేని వేరే బ్రౌజర్‌లో వెతకండి.

అదే చోట మై యాడ్ సెంటర్ ఉంటుంది. పర్సనలైజ్డ్ యాడ్స్ మొత్తం ఆపేయవచ్చు. ఆపకపోయినా, అందులో సెన్సిటివ్ అనే భాగంలో మద్యం, డేటింగ్, జూదం, గర్భం-పిల్లల పెంపకం, బరువు తగ్గడం, వీటి యాడ్స్ తగ్గించమని విడివిడిగా చెప్పవచ్చు. గర్భం పోయిన బాధలో ఉన్న వాళ్లకి ఉయ్యాలల యాడ్స్ రాకుండా చేయడానికి ఇది ఉపయోగపడుతుంది. మీ ఇంట్లో అలాంటి వాళ్లుంటే, వాళ్లని అడిగి, మీరే చేసి పెట్టండి.

టీవీ గురించి ఇంకో మాట. చాలా స్మార్ట్ టీవీలు స్క్రీన్ మీద ఏం ఆడుతోందో గుర్తుపట్టి కంపెనీకి పంపుతాయి, మీరు సెట్‌టాప్ బాక్స్ పెట్టి చూసినా సరే. అమెరికాలో విజియో అనే కంపెనీ కోటికి పైగా టీవీల్లో చెప్పకుండా ఇలా చేసినందుకు 2017లో 22 లక్షల డాలర్లు కట్టింది. శాంసంగ్‌లో దీని పేరు "వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్", ఎల్‌జీలో "లైవ్ ప్లస్". ఆఫ్ చేసేయండి, టీవీ పనిలో ఏ తేడా రాదు.

సమస్య: ఇన్‌కాగ్నిటోలో చూసినా తెలిసిపోతోంది

బ్రౌజర్‌లో ఉండే ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) మోడ్ మీ ఫోన్‌లో హిస్టరీ మిగల్చదు, అంతే. మీరు చూసే సైట్‌కి, నెట్ ఇచ్చే కంపెనీకి మీరు మామూలుగానే కనిపిస్తారు. ఈ విషయం మీదే గూగుల్ మీద అమెరికాలో కేసు నడిచి, 2024లో రాజీ కింద పాత రికార్డులు కొట్టేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. ఇంట్లో ఇంకొకరు ఫోన్ తీసి చూస్తారనుకుంటే ఇన్‌కాగ్నిటో చాలు. యాడ్ కంపెనీల నుంచి తప్పించుకోవడానికైతే పైన చెప్పిన ఫైర్‌ఫాక్స్ దారి పట్టండి.

సమస్య: "మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి" అని నోటిఫికేషన్లు

వైరస్ లేదు. ఎప్పుడో సినిమా టికెట్ల కోసమో, పరీక్ష ఫలితాల కోసమో తెరిచిన సైట్ "అలౌ" అని అడిగితే నొక్కేసి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్ > నోటిఫికేషన్స్ తెరిచి తెలియని పేర్లన్నీ బ్లాక్ చేయండి. ఆ నోటిఫికేషన్‌ని మాత్రం నొక్కకండి. పెద్దవాళ్ల ఫోన్లలో ఇదే ఎక్కువ, కాబట్టి అమ్మానాన్నల ఫోన్ ఒకసారి మీరే చూడండి.

సమస్య: ప్లాట్లు, లోన్లు అంటూ రోజూ కాల్స్

ఇది ఆన్‌లైన్ కథ కాదనుకుంటాం గానీ, మీ ఫోన్ నంబరే అన్నిటినీ కలిపే దారం. షాపు వాళ్లు తమ కస్టమర్ల నంబర్ల లిస్టు యాడ్ కంపెనీకి ఎక్కించి, వాళ్లకే యాడ్ చూపించమని అడగవచ్చు. అంటే కౌంటర్‌లో చెప్పిన నంబర్ రాత్రికి మీ ఫీడ్‌లో తేలవచ్చు.

అమ్మతో సరుకులకి వెళ్తే బిల్లు దగ్గర అబ్బాయి తల ఎత్తకుండానే "నంబర్ చెప్పండమ్మా" అంటాడు, అమ్మ పది అంకెలూ గడగడా చెప్పేస్తుంది, వెనక క్యూలో ఉన్న వాళ్లందరికీ వినబడేలా. నంబర్ ఇవ్వకపోతే బిల్లు ఇవ్వనని అనకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే షాపులకి చెప్పింది. "నంబర్ లేకుండా వేసెయ్ బాబూ" అని మెల్లగా అంటే చాలు, ఇప్పటివరకు నాకు ఎక్కడా బిల్లు ఆగలేదు. మెయిల్ అడిగితే జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి షాపు పేరు కలిపి ఇవ్వండి, మెయిల్ మీకే వస్తుంది. రేపు ఇంకెవరో అదే అడ్రస్‌కి పంపితే, అమ్మేసింది ఎవరో దొరికిపోతారు.

కాల్స్ ఆపడానికి 1909కి ఫోన్ చేసి గానీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ (డూ నాట్ డిస్టర్బ్) యాప్‌లో గానీ నమోదు చేసుకోండి. 140తో మొదలయ్యే ప్రచార కాల్స్ తగ్గుతాయి. మామూలు పది అంకెల నంబర్ నుంచి అమ్మకం కాల్ వస్తే ఏడు రోజుల్లోపు అదే యాప్‌లో ఫిర్యాదు చేయండి.

లోన్ యాప్ మీ కాంటాక్ట్స్ అడిగిందంటే అక్కడే ఆగిపోండి. డిజిటల్ లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫొటోలు తాకకూడదని ఆర్‌బీఐ 2022 సెప్టెంబర్‌లోనే నియమం పెట్టింది. అడుగుతోందంటే నియమం పాటించని యాప్ అనే లెక్క. అలాంటి వాటి చేతిలో పడితే ఏమవుతుందో మన ఊళ్లలో చాలా ఇళ్లు చూశాయి.

సమస్య: అన్నీ చేశాను, అయినా యాడ్స్ ఆగలేదు

యాడ్స్ ఆగవు, మీ గురించిన యాడ్స్ ఆగుతాయి. నడుం నొప్పి గురించి వెతికిన మీకు ట్రాక్టర్ టైర్ల యాడ్ వస్తోందంటే పని జరిగినట్టే. ఇప్పటికే పోగైన సమాచారం పాతబడాలి కాబట్టి కొన్ని వారాలు పడుతుంది. యాప్స్ లోపల యాడ్స్ కూడా తగ్గాలంటే ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంది, అందులో యాడ్స్ ఆపే యాడ్‌గార్డ్ అనే కంపెనీ ఉచిత సర్వర్ పేరు పెట్టవచ్చు. దానివల్ల ఏదైనా బ్యాంకు యాప్ మొరాయిస్తే కాసేపు ఆపి వాడుకోండి.

సమస్య: పిల్లలకి ఆన్‌లైన్ గేమ్స్, కోచింగ్ యాడ్స్ వస్తున్నాయి

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లని ట్రాక్ చేయడం, వాళ్లని గురిపెట్టి యాడ్స్ చూపించడం కుదరదు. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. అయితే ఒక చిక్కుంది. మన ఇళ్లలో పిల్లలు అమ్మ ఫోన్‌లో, అమ్మ ఖాతాతోనే చూస్తారు. కంపెనీ లెక్కలో ఆ ఫోన్ పట్టుకున్నది ముప్పై అయిదేళ్ల మనిషి, కాబట్టి చట్టం ఎంత గట్టిదైనా మీ పిల్లాడిని గుర్తుపట్టదు. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్‌తో వాడి అసలు వయసు ఇచ్చి విడిగా పిల్లల ఖాతా తెరవండి, దానికి పర్సనలైజ్డ్ యాడ్స్ రావు. పాత ఫోన్ ఒకటి ఉంటే ఆ ఖాతాతో అదే వాడికి ఇవ్వండి.